షో అడిగినోడు

ఎనుమాముల యార్డుల
పదకొండో నంబరు షెడ్డు కింద
లారీ రాలే ఇంకా.
మిర్చి ఘాటుకు తుమ్మి తుమ్మి అలిసిన హమాలీలు
బోరెం పరిచిండ్రు, పత్తాలు పంచిండ్రు.

నేను ఆడేటోణ్ణి కాదు, చిట్టీలు రాసేటోణ్ణి.
నాలుగక్షరాలు వచ్చినందుకు
తగువొస్తే నన్నే పిలుస్తరు.

మూడు ముక్కలు.
మొండయ్య చూడంగనే పడేసిండు.
సారంగం తలగోక్కుని, ఇంకోసారి చూసి, పడేసిండు.
మిగిలింది ఓదెలు, యాకూబు.
యాకూబు పది వేస్తే ఓదెలు పది.
యాకూబు ఇరవై వేస్తే
ఓదెలు రుమాలు కొంగు ముడి ఇప్పి
ఆఖరి ఇరవై పెట్టి
"షో" అన్నడు.

ఓదెలుకు రెండు దహెలలు, ఒక ఏడు.
యాకూబుకు
రెండు దహెలలు, ఒక ఏడు.

జతకు జత సరితూగితే మూడో ముక్కను చూడాలె.
పెద్దోళ్లు ఇద్దరు తేల్చలేని లెక్క
పక్కన నిలబడ్డ చిన్నది తేల్చాలె.
ఈ రాత్రి సాక్షులు గూడ
ఒక్కటే మాట చెప్పిండ్రు.

"నాది ఇస్పేటు ఏడు. మా దిక్కు ఇస్పేటే పెద్దది."
"ఈడ గట్ల లేదు," మొండయ్య బీడీ ఆర్పిండు,
"రంగుల పెద్ద చిన్న లేదు.
పత్తాలల్ల గదొక్కటన్న మంచిగుంది."

అందరు నా దిక్కు తిరిగిండ్రు.
ఏ కాయిదం మీద లేని కానూను:
"అన్నీ సమానమైతే
షో అడిగినోడు ఓడినట్టు."

చెప్పినంక నాలిక మీద కారం తగిలింది.
ఇంకో ఇరవై ఉన్నోడు ఎందుకడుగుతడు?
లేనోడే కదా అడిగేది, చూపియ్యిమని.

పొద్దుగాల గిట్లనే
రెండు తేజ కుప్పలు.
ఒక్క తీరు ఎరుపు, ఒక్క తీరు తేమ.
పరకాల ఆయనది ఒకటి, నర్సంపేట ఆమెది ఒకటి.
ఆమెకు బస్సు టైమయితాంది,
"ఎంతకు తీస్కుంటవు సేటూ" అని ముందుగాల నోరిడిసింది.
క్వింటాలుకు నాలుగొందలు తక్కువని
చిట్టీ మీద నేనే రాసిన.
నా రాత గుండ్రంగుంటదని అందరంటరు.

యాకూబు పైసలు దగ్గరికి గుంజుకున్నడు,
లెక్కపెట్టలే.
ఓదెలు ఆరు ముక్కలు పక్కపక్కన పేర్చి
శానా సేపు చూసిండు,
ఏడన్న తేడా దొరుకుతదేమోనని.
ఒక దహెల మూల మడత పడ్డది.
గంతే.

లారీ హారన్ కొట్టింది.
కూసున్న బోరేన్నే దులిపి వీపు మీదికేసుకున్నరు.
ఓదెలుకు నలభై కిలోల బస్తా,
యాకూబుకు నలభై కిలోల బస్తా.

కాంటా కాడ ఓదెలు వంగి అడిగిండు,
"అన్నా, మరి నేను అడగకుంటే?"

ముల్లు ఊగుతాంది.
ఆగినంక చెప్తా అన్నట్టు
నేను ముల్లునే చూసుకుంట నిలబడ్డ.