ఆమె ఏప్రన్ ఇంకా మేకుకే ఉంది

వంటగది తలుపు వెనక, మూడో మేకుకి
మార్లిస్ కూసిస్తో ఏప్రన్.
జేబులో పెన్సిల్ ముక్క, రెండు రబ్బరు బ్యాండ్లు.
నేను ముట్టుకోను.
నాది నాలుగో మేకు.

ఉత్తర మిన్నెసోటాలో ఇనుప గనుల ఊరు ఇది.
అక్టోబరు దాటితే
ప్రతి గుమ్మం పక్కనా ఒక మంచు పార మొలుస్తుంది.
పొద్దున్న ఐదున్నరకి వచ్చి లైట్లు వేస్తాను.
నాలుగు వందల పన్నెండు మంది పిల్లలకి
ఓట్స్ జావ కలుపుతాను.
నిజానికి ఈ గరిటె ఆమెది.
పిడికి చుట్టిన నీలం టేపు ఆమె చుట్టిందే,
ఆమె బొటనవేలు అరగదీసిన చోట
నా బొటనవేలు సరిగ్గా కూర్చోదు.

ఆమెని యూనియన్ అధ్యక్షురాలిగా ఎన్నుకున్నారు.
ఒప్పందంలో పద్దెనిమిదో నిబంధన, మూడో పేరా:
ఏడాది సెలవు. జీతం ఉండదు.
తిరిగొస్తే అదే బడి, అదే పొయ్యి.
సీనియారిటీ పెరగదు, తరగదు,
ఫ్రీజర్లో బఠాణీల్లా గడ్డకట్టి ఉంటుంది.
ఇన్సూరెన్స్ సొంత డబ్బుతో కట్టుకోవాలి.
వస్తున్నదీ రానిదీ
ఏప్రిల్ ఒకటి లోపు ఉత్తరం రాయాలి.
రాయకపోతే వదులుకున్నట్టే.

ఆ పేరాలో నా పేరు లేదు.
"తాత్కాలిక ప్రత్యామ్నాయం" అని ఒక మాట ఉంది.
అది నేను.

జనవరిలో ఒక రాత్రి పెట్రోలు బంకు దగ్గర కనిపించింది,
ట్రక్కులో, ఒళ్లో ఫైళ్లు, ఫైళ్ల మీద చల్లారిన శాండ్‌విచ్.
ఆదివారాలు కిరాణా కొట్లో డబ్బాలు సర్దుతోందట.
ఆర్విడ్‌ని గనిలోంచి తీసేశారట.
అవేవీ ఆమె చెప్పలేదు. అద్దం దించి అడిగింది:
"ఓవెన్ ఎడమ తలుపు ఇంకా మొరాయిస్తోందా, ట్విలా?"
"మోకాలితో ఒక్కటిస్తే మూసుకుంటోంది."
నవ్వింది. ఆ మోకాలి దెబ్బ కూడా ఆమె కనిపెట్టిందేనట.

ఆమె వస్తే నేను పోతాను.
అందుకే ఆమె మళ్లీ గెలవాలని కోరుకున్నాను.
మంచితనంతో కాదు.

వడ్డించేవాళ్లు మనవాళ్లైతే
కడబంతిలో కూర్చున్నా ఫర్వాలేదంటారు.
వడ్డించే మేమే కడబంతిలో ఉంటే
ఏమనాలో ఎవరూ చెప్పలేదు.

మార్చిలో బోర్డు సమావేశం.
జిమ్‌లో మడత కుర్చీలు, బాస్కెట్‌బాల్ వలకింద మైకు.
ఆమె అడిగింది ఒక్కటే:
తాత్కాలికంగా పనిచేసిన ఏడాదినీ సర్వీసులో కలపాలి.
వకీలు కళ్లజోడు సవరించుకుని అన్నాడు:
"ఇది ఒప్పుకుంటే, మీరు తిరిగొచ్చాక
పొద్దుటి షిఫ్టు మీదేనని ఎవరూ హామీ ఇవ్వలేరు.
తెలుసు కదా?"
జిమ్‌లో హీటరు చప్పుడు చాలాసేపు వినిపించింది.
"తెలుసు," అంది. "రాసుకోండి."
వెనక వరసలో నేను
నా చేతులకేసి చూసుకుంటున్నాను.
ఉల్లిపాయ వాసన.

మార్చి ముప్ఫయ్యొకటి, ఐదూ నలభై.
తలుపు తోసుకుని వచ్చింది, బూట్లకి మంచుతో.
మూడో మేకు దగ్గర ఆగి
జేబులోంచి పెన్సిల్ తీసింది.
స్టీలు బల్ల మీద వంగి
ఒక కాగితం మీద నాలుగు ముక్కలు రాసింది,
మడిచి కవర్లో పెట్టింది.
ఏం రాశావని నేను అడగలేదు.
అడిగే మొహం నాకెక్కడిది?
పెన్సిల్ మాత్రం
మళ్లీ ఆ జేబులోనే వేసింది.

గుమ్మం దగ్గర వెనక్కి తిరిగింది.
ఏదో చెబుతుందనుకున్నాను.
"అడుగంటుతోంది," అంది, "కలుపు."