సీసాలో ఒకటిన్నర లీటరు

వీపున మోసుకుని దోమల మందు కొట్టే యంత్రం ఒకటి చచ్చిపోతే
దాని గుండె పట్టుకొచ్చాడు రెయ్నెరియో,
ఒక పంది తొడ ఇచ్చి,
గోనెసంచిలో, చీకటి పడ్డాక.
వంటింటి బల్ల మీద పెట్టి
"చూడు ఒస్నైడా, రెండు గుర్రాలు" అన్నాడు.
నాకైతే మసిపట్టిన చెంబులా కనబడింది.

సైకిలు చైనాది.
కరువు ఏళ్ళలో ఓడల కొద్దీ మా క్యూబాలో దిగినవాటిలో ఒకటి.
ఫ్రేము మీద రాసున్న పేరుకి
'ఎప్పటికీ' అని అర్థమట.
ఎప్పటికీ అంటే ఇరవై రెండు కిలోల ఇనుము.
మా పెళ్ళికి కేకు దాని మీదే వచ్చింది.
నొప్పులు పడుతూ నేను ఆసుపత్రికి దాని మీదే వెళ్ళాను.
మామగారి శవపేటికకి మేకులూ దాని మీదే.
హొల్గిన్‌లో మా గడప నుంచి రొట్టెల బట్టీకి
పదకొండు కిలోమీటర్లు,
తెల్లారగట్ల మూడింటికి,
ఎదురుగాలి.
అతని ఎడమ మోకాలు
ఈ మధ్య మాట వినడం మానేసింది.

ఇక పదిహేను రోజులు
పెరట్లో సుత్తి తప్ప ఎవరూ మాట్లాడలేదు.
నిమ్మసోడా తాగేసిన ప్లాస్టిక్ సీసా
తలకిందులై పెట్రోలు ట్యాంకు అయింది.
దాని కింద సెలైన్ గొట్టం,
బొటనవేలితో చక్రం తిప్పితే చుక్క చుక్కగా దిగేది.
ఎవరిచ్చారో అడక్కండి.
పొగ మింగడానికి పాలడబ్బా.
వాషరు దొరక్క
చెల్లని సెంటావోకి నడుమ చిల్లు పొడిచాడు.
వెనక చక్రాన్ని ఒరుసుకు తిరిగే రోలరుకి
లేతు మీద పళ్ళు కోయించాడు.
ఆ పళ్ళు టైరుని ఎలుకల్లా కొరుకుతాయని
నెల తర్వాత గానీ తెలియలేదు.

ఆదివారం.
తోసుకుంటూ పరుగెత్తాడు, ఎగిరి కూర్చున్నాడు.
క్లచ్చు లేదు, సిగ్గూ లేదు.
అది దగ్గింది, ఉమ్మింది, అలిగింది,
ఆ పైన వీధిని నిలువునా చీల్చినట్టు ఒక్క అరుపు.
పాత మోటారే కదా, అదే రొద, అదే నీలిపొగ.
దోమల మందువాళ్ళు వచ్చారనుకుని
ఎర్మినియా అవ్వ కానరీ పంజరంతో బయటపడింది.
ఎదురింట్లో గిన్నెల మీద మూతలు పడ్డాయి.
కుక్కలు మంచాల కింద దూరాయి.
ఇల్లిల్లూ ఖాళీ అయి, ముక్కులు మూసుకుని
నా మొగుడు ఎగిరిపోవడం చూసింది.
దోమలు మాత్రం కదల్లేదు.

ఇలాంటివి నడపడం నేరం.
నంబరు లేదు, కాగితం లేదు,
దొరికితే రెండు గుర్రాలతోపాటు ఎప్పటికీ కూడా పోతుంది.
అందుకే పెడళ్ళు పీకలేదతను.
కూడలిలో నీలి చొక్కా కనబడితే చాలు,
గొట్టం నొక్కేసి, మోటారు మీద రొట్టెల గుడ్డ కప్పేసి
తొక్కుతాడు, పాపం పుణ్యం ఎరగనివాడిలా,
ఈల వేసుకుంటూ.
కాలే ఇనుము పిక్కకి ఆనినా ముఖం మారదు.
ముఖం ఇంటికొచ్చాక మారుతుంది.
కలబంద చీల్చి రాస్తాను.
పిక్క మీద తొమ్మిది మచ్చలు.
ఎనిమిది పోలీసులవి.
తొమ్మిదోది, మనవరాలు పుట్టిన రాత్రి
నన్ను వెనక కూర్చోబెట్టుకుని, నవ్వుతూ,
కాలు ఎక్కడ పెట్టాలో మరిచిపోయినప్పటిది.

మార్చి నుంచి పెట్రోలు లేదు.
బియ్యం ఇస్తామన్నా లేదు, పంది ఇస్తామన్నా లేదు.
సీసా అడుగున ఎండిన చీమ ఒకటి.
"ఆ చెంబు ఊడదీసెయ్, ఏడు కిలోలు దండగ మోత" అన్నాను.
"రేపు దొరికితే?" అన్నాడు.
తనని మోసినదాన్ని తను మోస్తూ
పదకొండు కిలోమీటర్లు
ఆ మోకాలుతోనే.

ఇవాళ మూడింటికి మెలకువ వచ్చి కిటికీలోంచి చూశాను.
అలవాటుగా పరుగెత్తి ఎక్కాడు.
వీధి మలుపు దాకా చప్పుడు లేదు.
మలుపులో, ఎవరూ చూడటం లేదనుకుని,
నోటితో మొదలుపెట్టాడు ఆ రొద,
దగ్గు, ఉమ్ము, అలక అన్నీ కలిపి.

ఎర్మినియా అవ్వ ఇంట్లో
పంజరం కదిలిన చప్పుడు.