పొలమారిన బావి

ట్రాన్సిల్వేనియా కొండవాలులో
నలభయ్యొకటో నంబరు గ్యాసు బావి.
నాకంటే పదకొండేళ్లు పెద్దది.
ఇంకా ఊపిరి తీస్తోందనే రాస్తాను
రోజూ ఆరింటికి,
గ్లౌజు పళ్లతో లాగి, వేళ్లు వంకర్లు పోతుంటే.

ఒకప్పుడు దీని అరుపుకి
గొర్రెలు ఈ వాలు ఎక్కేవి కావట.
ఇప్పుడు గేజి ముల్లు ఆరు దగ్గర
పని లేని గుమాస్తాలా కూర్చుంటుంది.
గొర్రెలు బావి కంచెకే వీపు గోక్కుంటాయి.

నాకు పని నేర్పిన సబీన్
పైపుకి చెవి ఆనించి జాతకం చెప్పేవాడు.
పోయిన చలికాలం చెవి తీసి, టోపీ సర్దుకుని
"అయిపోయింది లుక్రెత్సియా,
సిమెంటు తెప్పించుకో" అన్నాడు.

నేనేమో వాల్వు ఇంకాస్త తెరిచాను.
ఇంకాస్త.
అలిసినవాడికి దారి వెడల్పు చేస్తే
నడుస్తాడనుకున్నాను.

మెదియాష్ ఆఫీసు నుంచి ఎమెషె వచ్చింది.
బూట్లకి ఇంకా బురద అలవాటు లేని పిల్ల.
పాత లెక్కల పుస్తకాలన్నీ జీపు బానెట్ మీద పరిచి,
చలికి ముక్కు తుడుచుకుంటూ చెప్పింది:
"గ్యాసు అయిపోలేదు. గొంతులో నీళ్లున్నాయి.
వేగం ఉన్నన్నాళ్లూ తన నీళ్లు తనే మోసుకొచ్చేది.
ఇప్పుడు సగం దాకా మోసి జారవిడుస్తోంది.
జారినవన్నీ అడుగున చేరి
దాని గుండె మీదే కూర్చున్నాయి."

అంటే, పొలమారింది.
రెండు వేల మీటర్ల లోతున,
మాడు మీద తట్టే చెయ్యి లేక,
ఎన్నేళ్లుగానో.
ఎవరో తలుచుకుంటున్నారేలే అని
మాట వరసకైనా ఎవరం అనలేదు.

తట్టడానికి ఆ పిల్ల తెచ్చింది సబ్బు.
నిజంగా సబ్బే.
మూరెడేసి నీలం కడ్డీలు, అట్టపెట్టెలో.
"బావికి తలంటా!" అని
సబీన్ పొగాకు దగ్గు దగ్గి నవ్వాడు.
కింది వాల్వు కట్టి, పై మూత విప్పి,
మూడు కడ్డీలు నిలబెట్టి, మూత బిగించి,
మళ్లీ కిందిది తెరిచాం.
అవి చీకట్లోకి జారిపోయిన చప్పుడు కూడా రాలేదు.
"ఇప్పుడు గొట్టానికి పోయే దారి మూసెయ్యి.
రేపటిదాకా బలం కూడదీసుకోనీ."

ముప్పై రెండేళ్లలో నన్నెవరూ
గ్యాసు కావాలంటే బావి మూయమనలేదు.

ఆ రాత్రి పొయ్యిలో బీచ్ కట్టెలు ఎగదోశాను.
గ్యాసు గొట్టం మా దడి పక్కనుంచే పోతుంది,
మా వీధికి మాత్రం గ్యాసు లేదు.
ఎమెషెని అడిగితే
అది వేరే శాఖ అంది, సిగ్గుపడుతూ.

తెల్లారి మంచు. ముల్లు పందొమ్మిది మీద.
వాల్వు పావు తిప్పు తిప్పాను.
ఏమీ లేదు.
తరవాత ఒక గుటక.
తరవాత గొట్టమంతా వణికి,
ఉప్పు వాసనతో బూడిదరంగు నురుగు
తొట్టిలో పడుతూ, పొంగుతూ,
అంచు దాటి నా బూట్ల మీదకి వచ్చింది.
దాని వెనకే, సన్నగా, ఆగకుండా,
ఊపిరి.

సబీన్ చెవి ఆనించాడు.
చాలాసేపు.
ఎమెషె అటు తిరిగాక
నా వైపు వంగి మెల్లగా అడిగాడు:
"నీకేం వినిపిస్తోంది?"

చెప్పాను.
ఒక్కో చప్పుడూ వివరంగా,
తను నాకు నేర్పిన పేర్లతోనే.

పెద్ద లాభమేం కాదు,
రోజుకి తొమ్మిదొందల ఘనపు మీటర్లు రెండు వేలయ్యాయి.
పది రోజులకి మళ్లీ దిగాయి. మళ్లీ సబ్బు.
ఎప్పుడో ఒక ఏడు సిమెంటు లారీ రాక తప్పదు,
నాకు తెలుసు, బావికీ తెలిసే ఉంటుంది.

ఈలోగా
పుస్తకంలో గడి లేదని
స్కేలు లేక, సబ్బు పెట్టె అంచు పట్టి
పెన్సిలుతో ఒక గీత గీశాను.
పైన రాశాను: మూసి ఉంచిన గంటలు.
గీత కొంచెం వంకరగా వచ్చింది.