భుజం మీది బూడిద

హోస్కోటె దాటాక చింతామణి రోడ్డులో
ఎడమ పక్క ఫ్లెక్సీ, దాని మీద బాణం గుర్తు:
మీ కాయ మీరే కోసుకోండి.
మనిషికి నూట యాభై, పిల్లలకు సగం.
కత్తికి అద్దె లేదు, కాయ తూకం వేరే.

మాకంటే ముందొచ్చిన కారులోని వాళ్ళు
తీగల మధ్య కూచుని ఫొటోలు దిగుతున్నారు.
ఒకాయన గుమ్మడికాయను ఒళ్ళో పెట్టుకుని
బారసాలనాటి తండ్రిలా నవ్వుతున్నాడు.

చౌడమ్మ కత్తి చేతికిచ్చింది.
ఆమెది మా తెలుగు కాదు,
కన్నడం నీళ్ళు పారిన మడిలో మొలిచిన తెలుగు.
"తొడిమ బెత్తెడు పెట్టి కోయల్లమ్మా,
తొడిమ పోతే కాయ నిలవదు.
తట్టి చూడు, మొద్దుగా పలికితే మాగినట్టు.
గోరు దిగిందా, ఇంకా పసిది, ఇడిసిపెట్టు."

మోకాలెత్తు ఆకుల్లోకి దిగాం.
ఆకు నూగు జీన్సులోంచి కూడా గీరింది.
ముందు ఏమీ కనబడలేదు.
తర్వాత ఒకటి.
ఆ ఒకటి కనబడ్డాక
అన్నీ ఇంతసేపూ అక్కడే ఉన్నాయి.

ఇందుజ ఒక కాయ దగ్గర ఆగిపోయింది.
తియ్యగుమ్మడి, ఇటుక రంగు తిరుగుతోంది.
పొట్ట మీద ఎవరో గీసిన లెక్క:
ఏడు ఎనిమిదులు యాభై నాలుగు.

"తప్పు కదమ్మా?"

"మా మనవడు గీకినాడు," అంది చౌడమ్మ,
"పిందె నిమ్మకాయంత ఉన్నప్పుడు, మేకుతో.
ఎక్కం రాలేదని మేష్టరు నిలబెట్టినాడంట."
పిందె పెరిగింది. గీత పుండయింది. పుండు మానింది.
మానిన మచ్చ కాయతో పాటు ఉబ్బి
ఇప్పుడు ఒక్కో అంకె నా అరచేయంత.
ఇంత ఓపిగ్గా పెరిగిన తప్పును
నేనెక్కడా చూడలేదు.

మా పిల్లకు అదే కావాలి.

నాకు కావలసింది బూడిద గుమ్మడి.
ఇంటికి కాదు, ఇల్లింకా లేదు.
పునాది తవ్వే రోజు కొట్టడానికి.

ఆ వరసలు చేను చివర,
సున్నం కొట్టి ఆరబెట్టినట్టు.
ఒక తీగ నేల వదిలి
పసుపు రంగేసిన రాతి మీదికి పాకింది.
ఎర్ర అంకెలు, ఆకు చాటున సగం.
నలభై ఒకటో, నలభై ఏడో.

నలభై ఏడు.
నాకు తెలుసు. బయానా కట్టిన రసీదు
నా హ్యాండ్‌బ్యాగులోనే ఉంది.

ఇన్నాళ్ళూ బ్రోషరులో చూసిన చోటు.
ముప్పై బై నలభై, తూర్పు ముఖం,
మూలన రంగుల గొడుగు, కింద ఖాళీ కుర్చీ.
అందులో తీగ లేదు.
తీగ ఉంటుందని నేను అడగనూ లేదు.

"వచ్చే దసరాకి ఈ చేనుండదు,"
రాతి మీంచి ఆ తీగను మెల్లగా విప్పుతూ అంది.
"మా మరుదులు సంతకాలు పెట్టేసినారు.
కొన్నోళ్ళెవురో నేను సూళ్ళేదు.
మంచోళ్ళే అయ్యుంటారు, ఏం."

ఏం అన్నది ప్రశ్నో కాదో.
నేను తొడిమ బెత్తెడు ఉంచే కోశాను.
ఎత్తి భుజాన పెట్టుకున్నాను.
పది కిలోలు తక్కువుండదు.

గేటు దగ్గర తూకం వేసేది ఆ మనవడే.
లెక్క ఫోన్లో చేస్తున్నాడు, తలెత్తకుండా.
"యాభై ఆరు," అంది ఇందుజ, మచ్చ మీద వేలు పెట్టి.
"ఇప్పుడు నాకొచ్చు," అన్నాడు వాడు,
"దానికే ఇంకా రాదు."
ఆ కాయకు సగం ధరే తీసుకున్నాడు.

కారు తలుపు తీస్తుంటే వెనక నుంచి,
"అక్కా!"

ఎవరూ ఏమీ అనలేదు. ఒట్టి అక్కా అన్నాడు.
నా చెయ్యి నన్నడక్కుండా భుజం మీదికి పోయింది.

"రసీదు మరిచిపోయినారు."

తీసుకున్నాను. బ్యాగులో రెండో దాని పక్కన పెట్టాను.
హోస్కోటె దాకా చున్నీ దులుపుకుంటూనే ఉన్నాను.
భుజం మీది తెలుపు
అరచేతికి మారింది, అంతే.