మాట్లాడే పెట్టె

రిష్తాన్‌లో మా షెడ్డు బట్టీ గోడకి ఆనుకొని ఉంటుంది.
నీలిపళ్లెం అడుగున కుమ్మరి పేరుంటుంది,
కట్టి పంపినవాళ్ల పేరు ఎక్కడా ఉండదు.

నాకు పని నేర్పింది ఓయ్‌దిన్ ఓపా, అందరికీ అక్కే.
ఎడమ చెవి వినపడదామెకు.
కుడిది మాత్రం పాముచెవి.

మొదటిరోజు పళ్లేలు ఒకదానిమీద ఒకటి పేర్చాను,
ఇంట్లో రొట్టెలు పేర్చినట్టు.
చెయ్యి పట్టి ఆపింది.
"పడుకోబెట్టకు, నిలబెట్టు.
పడుకున్నదాని నడుంమీద లోకమంతా కూర్చుంటుంది."

అంచుకి రెండు చుట్లు కాగితం,
నడుమ పత్తిమిల్లు తుక్కు,
మూలల్లో వరిగడ్డి, వేళ్లతో కాదు, పిడికిలితో కూరాలి.
గిన్నెకి బయట ఎంత చుట్టినా
కడుపు ఖాళీగా వదిలితే అక్కణ్ణుంచే చిట్లుతుందట.

మూత మూసి, తాడు బిగించి,
పెట్టెనెత్తి కుడిచెవి దగ్గర ఊపుతుంది.
లోపల ఎక్కడో చిన్న టిక్కు.
"మాట్లాడుతోంది," అంటుంది.
అంతే, తాడు విప్పు, టేపు చీల్చు, మళ్లీ మొదటికి.
ఆ నెల నేను కట్టినవన్నీ వాగుడుకాయలే.

పెట్టెమీద గాజుగ్లాసు బొమ్మ వేస్తాం, పైకి చూసే బాణం వేస్తాం.
"నమ్మకు వాటిని.
చదవాల్సినవాడికి చేతులు ఖాళీగా ఉండవు.
బోర్లా విసిరినా బతికేట్టు కట్టు."

కామ్‌చిక్ కనుమ మలుపుల్లో
డ్రైవర్ నార్మత్ పాట పెద్దగా పెట్టుకుంటాడు.
గుంటలో లారీ ఎగిరి పడుతుంది.
అక్కడ ఓపా లేదు, నేను లేను.
ఉన్నదల్లా గడ్డి.

పోయిన శీతాకాలం నమన్‌గాన్ నుంచి ఒకాయన వచ్చాడు.
నుకూస్‌లో చెల్లెలికి కొత్త సెట్టు, దాంతోపాటు ఓ పాత గిన్నె.
ఎప్పుడో మూడుముక్కలైతే
ఎవరో ఇత్తడి తీగతో కుట్టి నిలబెట్టారు.
నేను దాన్నీ కొత్తవాటి పక్కనే, అదే గడ్డిలో సర్దాను.

ఓపా బయటికి తీసింది.
"కొత్తవాటికి పగలడం ఎలాగో తెలీదు.
దీనికి దారి తెలుసు."

తను కూర్చునే కుర్పచా, ఆ పాత దూదిపరుపు,
తిరగేసి, పళ్లతో కుట్లు తెంపి
గుప్పెళ్లకొద్దీ దూది లాగింది.
మిగతా ఆర్డర్లు ఆగిపోయాయి.
యజమాని రెండుసార్లు తొంగిచూసి వెళ్లాడు.

కుడిచెవి దగ్గర ఊపింది. ఏమీ లేదు.
"నువ్వు విను," అని నాకిచ్చింది. ఏమీ లేదు.
తీసుకుని ఎడమచెవి దగ్గరా ఊపింది,
చాలాసేపు.
ఎందుకని నేనడగలేదు.

ఇప్పటికి రెండునెలలు. నుకూస్ నుంచి కబురు లేదు.
మా పనిలో కబురు రాకపోవడమే మంచి కబురు.
కుర్పచా ఇంకా పల్చగానే ఉంది.
దాదాపు చెక్కమీదే కూర్చుని
నా పెట్టె ఊపుతోంది ఓపా.
తల అడ్డంగా ఆడించి, తాడు నాకేసి తోసింది.