బొత్తాం

ఎడమ జబ్బకి ఒక తెల్ల బొత్తాం.
చొక్కా లేని బొత్తాం.
నా రక్తం సంగతి దానికి తెలుసు,
దాని సంగతి ఫోనుకి తెలుసు,
నాకే అన్నీ ఆలస్యంగా తెలుస్తాయి.

మొదటి వారం మళ్ళీ చిన్నపిల్లాణ్ణయ్యాను.
రెండు ఇడ్లీలు తిని చూశాను: చిన్న గుట్ట.
ఉప్మా తిని చూశాను: గుట్ట మీద గుట్ట.
మాగాయ కలుపుకుని ముద్ద మీద ముద్ద లాగించిన ఆదివారం
తెర మీద ఒక కొండే లేచింది,
ఊరవతలి యూ యాంగ్స్ చిన్నబోయేంత.

తర్వాత ఎవరో చెప్పారు, కూర ముందు, అన్నం వెనక అని.
అదే కంచం, అదే అన్నం.
వరస మారిస్తే కొండ కుంగింది!
పప్పు, కూర, పులుసు, మజ్జిగ అని
వేళ్ల మీద వరస నేర్పిన మా నాయనమ్మ
అన్నాన్ని మాత్రం ఏ వరసలోనూ పెట్టలేదు.
అది నేల.
నేల మీదే కదా అన్నీ నిలబడేది.

నా పని బేకరీలో.
రాత్రి రెండింటికి జీలాంగ్‌లో
పాకింగ్టన్ స్ట్రీట్ మొత్తానికి వెలిగే కిటికీ మాదొక్కటే.
మోచేతుల దాకా మైదా.
లామింగ్టన్ల మీద కొబ్బరి చల్లుతూ
వేళ్లు నాక్కోకుండా ఉండడం ఎంత తపస్సో
మునులకేం తెలుసు.

శనివారం తలుపు తియ్యగానే నోరీన్ వస్తుంది.
ఎనభై దాటిన మనిషి, ఊదారంగు స్వెట్టరు.
చెయ్యి పైకి మడిచి తన బొత్తాం చూపిస్తుంది.
"నీదెంత?"
"ఏడు పాయింటు రెండు."
"నాది పదకొండు. నిన్న మునిమనవడి పుట్టినరోజు."
గోళీలు లెక్కేసుకునే పిల్లల్లా
కౌంటరుకి అటొకరు, ఇటొకరు.
ఒక బన్ను కొని, సగానికి కోసి
రెండు సంచుల్లో పెట్టమంటుంది.
రెండో సగం ఎవరికో నేనెప్పుడూ అడగలేదు.

ఇంటికి హైమవతి ఎయిర్ ఫ్రయ్యర్ తెచ్చింది.
మొదటి రోజే గారెలు వేసి,
"నూనె తగలని గారె, నోరు విప్పని చుట్టం" అని
ఆ నల్ల డబ్బాని తిట్టిపోసింది.
మూడో వారానికి దాని గుట్టు పట్టింది:
కాకర చక్రాలు, ఉప్పు, కారం, ఒక్క చెంచా నూనె.
టింగుమంటే చాలు, ఇద్దరం ఒకేసారి లేస్తాం.

చోళ్ళు కూడా ఇంటికొచ్చాయి.
సంచీ మీద రాగి అని రాసుంది, బియ్యం కన్నా ఖరీదు.
చోడంబలి తాగీ తాగీ విసుగెత్తి
పండక్కి ఒక్కపూట వరన్నం కోసం
ఏడాదంతా చూసిన మా తాత
ఈ బిల్లు చూస్తే
నన్నెవరో మోసం చేశారనుకునేవాడు.

బొత్తాం అరుపు హైమ ఫోనుకి కూడా వెళ్తుంది.
ఆమెకి నార్లేన్‌లో, ముసలివాళ్ల హోమ్‌లో రాత్రి డ్యూటీ.
నాకు సెలవున్న ఒక రాత్రి
మూడు పాయింటు ఒకటి.
అది కూసీ కూసీ అలిసిందట, నాకు వినబడలేదు.
చెమట. కలలో ఎటు తిరిగినా పిండి బస్తాలు.
ఆఖరికి ఆమె ఫోను చేసింది, ఆరోసారికి ఎత్తాను.
"లే. ఫ్రిజ్ మీద బెల్లం సీసా.
నమలడం వినబడితేనే పెట్టేస్తా."
నమిలాను.
వింది.
"సరే, పదమూడో గదిలో గంట కొడుతున్నారు" అని పెట్టేసింది.

మొన్న రాత్రి ఇంట్లో ఎవరూ లేరు.
అయినా సున్నుండల డబ్బా మూత
చప్పుడు కాకుండానే తీశాను.
అరగంటకి ఫోను వణికింది.
"ఒకటా, రెండా?"

"ఒకటే" అని రాశాను.
తెర మీద గీత నిదానంగా ఎక్కుతూనే ఉంది.
అటువైపు మూడు చుక్కలు కదిలాయి,
ఆగాయి,
మళ్ళీ కదిలాయి.

"నాకెన్ని మిగిల్చావు?"