లైన్ క్లియర్

రెండు మిల్లీ ఆంపియర్లు, అన్నారు డాక్టరమ్మ.
నవ్వొచ్చింది నాకు, ఆపుకున్నాను.
పదకొండు కేవీ తీగల కింద ఇరవై రెండేళ్ళు బతికినవాణ్ణి.
మందస సెక్షన్లో ఏ స్తంభం ఎటు వాలిందో
కళ్ళు మూసుకుని చెప్పగలను.
రెండు మిల్లీ ఆంపియర్లకి
జీరో బల్బు కూడా వెలగదు.

ఆ నవ్వు మెట్లు దిగేదాకా నిలవలేదు.
తల మా గున్నడిది.

తిత్లీ తుఫానుకి నెల ముందు పుట్టాడు వాడు.
పురిటి మంచం కింద కుంపటి ఆరకముందే
నేను పడ్డ స్తంభాలు లేపడానికి పోయాను,
నలభై రోజులు, ఊరి వెనక ఊరు.
"అందరికీ కరెంటిచ్చినావు, మనింటికి..."
అక్కడితో ఆపేస్తుంది ఢిల్లేశ్వరి,
ఇప్పటికీ.

మాట్లాడడు.
ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర నిలబడి
పెదాలు కలిపి దాని శ్రుతి అందుకుంటాడు.
కరెంటు పోయేముందు రెండు చెవులూ మూసుకుంటాడు.
సబ్‌స్టేషన్లో మావాళ్ళు నమ్మరు.
చెప్పడం మానేశాను.

మందస రోడ్డులో పాసింజరు,
ఆమదాలవలసలో దిగి ఆటో,
డే అండ్ నైట్ జంక్షన్ దాటాక మేడ మీద గది.
ఉప్పునీళ్ళలో తడిపిన రెండు స్పాంజి ముక్కలు,
ఒక రబ్బరు పట్టీ, అరచేతిలో పట్టే బ్యాటరీ పెట్టె.
"చీమలు పాకినట్టుంటుంది, అంతే.
నయమవుతుందని నేను చెప్పను.
కొందరికి కొంచెం పనికిరావచ్చు. ఇంకా తెలీదు."

తెలీదు అన్న మాటకే గురి కుదిరింది నాకు.
తెలుసన్నవాళ్ళ దగ్గరే కదా
పాలు మానిపించి, తేనె నాకించి,
ఢిల్లేశ్వరి పుస్తెలతాడు తాకట్టుకి పోయింది.

"ఇంకో సంగతి," అన్నారావిడ.
"సగంమంది పిల్లలకి అరనిమిషమే వెళ్తుంది కరెంటు,
తర్వాత ఆగిపోతుంది.
ఎవరికి ఏదో మీకూ తెలీదు, నాకూ తెలీదు."

తీగలో ఉందో లేదో తెలీకుండా చెయ్యి పెట్టడమా!
పొట్నూరు కూర్మారావు పోయింది అలాగే.
ఎవరింట్లోనో జనరేటరు వెనక్కి తన్నింది.
దించింది నేనే.
అందుకే ఎక్కేముందు అడుగుతాం: లైన్ క్లియర్?
అటునుంచి ఇచ్చాం అనాలి,
పేరు చెప్పాలి, టైము చెప్పాలి.
అప్పుడే చెయ్యి పైకి లేస్తుంది.

కాగితం మీద నేను సంతకం పెట్టాను.
ఢిల్లేశ్వరి ఇంటిపేరుతో సహా రాసింది.
వాణ్ణెవరు అడిగారు?
ఏ భాషలో?

మొదటిరోజు స్పాంజి విసిరేశాడు, ఆవిడ మణికట్టు కొరికాడు.
"ఇవాళ వద్దులెండి."
రెండోరోజు వాసన చూశాడు.
మూడోరోజు ఆదివారం.
నాలుగోరోజు ఆ పట్టీ నా తలకే కట్టుకుని
కుర్చీలో కూచున్నాను,
సబ్‌స్టేషన్ శ్రుతి అందుకున్నాను, నాకొచ్చినంత.
ఎక్కడో తప్పింది కాబోలు,
విసుక్కుంటూ దగ్గరికొచ్చి సరిచేశాడు.
నా నుదుటిమీద తడి ముట్టుకున్నాడు,
తన నుదురు ముట్టుకున్నాడు.

"ఇచ్చాడు," అన్నాను డాక్టరమ్మతో.
"గున్నయ్య. పది నలభై."

ఇరవై నిమిషాలు.
కిటికీలో మాఘమాసపు నాగావళి,
ఇసక కింద నీరుందో లేదో.

పది పూటలూ అయ్యాయి.
"ఏటైనా మారినాడా?" పక్కింటి పోలమ్మత్త.
"తెల్దు."
అది దాపరికం అనుకుంది.

రాత్రి అన్నం తింటున్నాం.
వాడు ఒక చెయ్యి తన చెవికి పెట్టుకున్నాడు.
రెండోది, ఎంగిలి మెతుకులతోనే, నా చెవికి.
ఏ గడిలో రాయాలో అడగాలి ఆవిణ్ణి.

కరెంటు పోయింది.